నూట అరవై ఎకరాల లెక్క

గురువారం సాయంత్రం, అమరిల్లో

డాలస్ నుంచి 287వ నంబరు రహదారి పట్టుకుని వాయవ్యంగా పోతుంటే విచిటా ఫాల్స్ దాటాక చెట్లు పలచబడతాయి, చిల్డ్రెస్ దగ్గర నేల ఎర్రబారుతుంది, క్లారెండన్ దాటి పీఠభూమి మీదికి ఎక్కాక కంటికి అడ్డమంటూ ఏదీ మిగలదు. ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చిన మా నాయన అక్కడ కారు అద్దం దించి చాలాసేపు చూసి, "ఇంత భూమికి ఒక్క గట్టూ లేదేమిరా?" అన్నాడు. రాయదుర్గం పక్కన మెట్ట భూమిలో బుడ్డలు, అంటే వేరుశనగ, పండించి ముసలివాడైన మనిషికి న్యూయార్కు మేడలకన్నా ఈ పొలాలే చూడదగ్గవని తోచి, ఏప్రిల్ నెలలో, గాలి ఇంకా తగ్గకముందే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. హగరి ఒడ్డున దర్గా హొన్నూరు వైపు ఇసుక మేటలు పొలాల మీదికి పాకడం ఆయన కళ్ళారా చూసినవాడు. గాలి నేలను ఎత్తుకుపోతుందంటే ఆయనకు వేరే వివరించనక్కర లేదు.

మేము చూడబోతున్నది 1930లలో డస్ట్ బౌల్ అని పేరుపడిన ప్రాంతం: టెక్సస్, ఓక్లహోమాల వాయవ్యపు కొసలు, కాన్సాస్ నైరుతి మూల, కొలరాడో ఆగ్నేయం, న్యూ మెక్సికో ఈశాన్యం కలిసే చోటు. 1935 ఏప్రిల్ 14న, మట్టల ఆదివారం నాడు, ఉత్తరం నుంచి నల్లటి గోడలా కదిలివచ్చిన దుమ్ము సాయంత్రం 7.20కి ఈ అమరిల్లోను కమ్మేసింది. మరునాడు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్ రాసిన వార్తలో 'డస్ట్ బౌల్' అన్న మాట అచ్చయింది. 1931 తరువాత కరువు పట్టిన మాట నిజమే గాని, ఈ మైదానాలకు కరువులు కొత్త కావు. గడ్డి కప్పుకుని ఉన్నన్నాళ్ళు ఎండలకు ఆ గడ్డి మాడి మళ్ళీ చిగిర్చిందే తప్ప, 1934 మేలో లాగా ఇక్కడి మట్టి వాషింగ్టన్ దాకా, అట్లాంటిక్ మీది ఓడల దాకా ఎగిరిపోలేదు. ఆ గడ్డిని పెకలించినవాళ్ళను ఇక్కడికి ఏ చట్టం రప్పించింది, వచ్చినవాళ్ళు ఏ పనిముట్టుతో ఏ లెక్కన సేద్యం చేశారు అన్నదే నేను వెతుక్కుంటూ బయలుదేరిన సంగతి.

మోటల్ నడుపుతున్న గుజరాతీ దంపతులు గదికి 82 డాలర్లు తీసుకున్నారు గాని, నాయనను చూడగానే అల్లం వేసిన టీ పెట్టి ఇచ్చారు. రాత్రికి పక్కనున్న మెక్సికన్ హోటల్లో అన్నం, రాజ్మా లాంటి ఉడికించిన గింజలు, పచ్చి మిరపకాయల వేపుడు. ఆ మిరపకాయలను నాయన మెచ్చుకున్నాడు; అమెరికాలో ఆయన మెచ్చుకున్న మొదటి వంట అదే.

శుక్రవారం, పాలో డ్యూరో మీదుగా డాల్‌హార్ట్

పొద్దున పాలో డ్యూరో లోయకు పోయాము. ఎర్రమట్టి గోడల నడుమ ఎంత అందంగా ఉన్నా, మాకు అక్కడ పని ఒకటే. 1874 సెప్టెంబరు 28న కర్నల్ మెకెంజీ సైన్యం ఈ లోయలో విడిదిచేసిన కొమాంచీ, కయోవా, షయాన్ ఆదివాసీ తెగల మీద పడి, వాళ్ళ గుర్రాలను వెయ్యికి పైగా కాల్చి చంపింది. గుర్రాలు లేక, అప్పటికే అడవిదున్నల మందలు వేటగాళ్ళ పాలై తిండి లేక, వాళ్ళు మరుసటి ఏడాదికల్లా రిజర్వేషన్లకు, అంటే ప్రభుత్వం వాళ్ళకని విడిగా కేటాయించిన భూములకు, చేరారు. మైదానం ఖాళీ అయింది అని పాఠ్యపుస్తకాలు రాసే మాట వెనక ఉన్నది ఇది. ఆ తరువాత వచ్చిన చట్టాలన్నీ ఖాళీ చేయించిన నేలను పంచినవే.

డాల్‌హార్ట్‌లో భోజనానికి ఆగిన హోటల్లో 'చికెన్ ఫ్రైడ్ స్టేక్' అని ఉన్నది చూసి నాయన కోడికూర అనుకుని సంబరపడ్డాడు. అది గొడ్డు మాంసమని తెలిసి, క్యాట్‌ఫిష్ వేపుడుకు దిగాడు. ప్లేటు 14 డాలర్లు. వడ్డించే పెద్దావిడ అడగకుండానే చల్లటి టీ గ్లాసు నింపుతూ పోతుంటే, గ్లాసుకింతని లెక్క కడుతుందేమోనని ఆయన చేతితో మూసిపెట్టుకున్నాడు. ఊరికే పోస్తారని చెప్పాక నాలుగోసారి కూడా తాగాడు. ఈ రోడ్ల మీద ఎదురుగా వచ్చే ప్రతి ట్రక్కు డ్రైవరూ స్టీరింగు మీద నుంచి ఒక్క వేలు పైకెత్తి పలకరిస్తాడు. మధ్యాహ్నానికల్లా నాయన కూడా పక్క సీట్లో కూర్చుని అందరికీ వేలెత్తడం మొదలుపెట్టాడు.

ఈ ఊళ్ళోని ఎక్స్‌ఐటి మ్యూజియంలో ఒక విషయం స్పష్టమైంది. టెక్సస్‌లో ఫెడరల్ ప్రభుత్వపు భూమి లేదు గనుక, కాపురముండి సాగు చేసేవాడికి ఆ భూమిని ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం ఇక్కడ వర్తించలేదు. ఆస్టిన్‌లో శాసనసభా భవనం కట్టించుకోవడానికి చేతిలో డబ్బులేని రాష్ట్రం, 1882లో షికాగోకు చెందిన ఒక సిండికేటుకు కూలికి బదులుగా 30 లక్షల ఎకరాలు రాసిచ్చింది. అదే ఎక్స్‌ఐటి పశువుల క్షేత్రం. పశువుల మీద ఆశించిన లాభం రాకపోగా 1901 నుంచి ఆ భూమిని ముక్కలు చేసి అమ్మారు. 1912కు మందలన్నీ పోయాయి. పక్క రాష్ట్రాల్లో ప్రభుత్వం దానంగా ఇచ్చిన గడ్డినేలను ఇక్కడ దళారులు రైలెక్కించి తెచ్చిన కొనుగోలుదార్లకు అప్పు మీద అంటగట్టారు. రెండు దారులూ చేరింది ఒక్కచోటికే: చిన్న కమతం, పెద్ద అప్పు, ఏటా కోసి అమ్మక తప్పని పంట.

ఆ పంట గోధుమ. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా గోధుమ బయటికి రాలేకపోగా, 1917లో అమెరికా ప్రభుత్వం బుషెల్‌కు, అంటే సుమారు 27 కిలోలకు, 2 డాలర్లకు తక్కువ కాకుండా ధర హామీ ఇచ్చింది. యుద్ధం ముగిశాక ధర పడిపోయింది గాని, ఆ ధర చూసుకుని చేసిన అప్పులు మిగిలాయి. తగ్గిన ధరతో అదే అప్పు తీర్చాలంటే ఎక్కువ దున్నాలి. 1925, 1930 మధ్య దక్షిణ మైదానాల్లో 50 లక్షలకు పైగా ఎకరాల గడ్డినేల కొత్తగా నాగలి కిందికి వచ్చింది. 1931లో పంట విరగకాస్తే బుషెల్ ధర అర డాలరు కిందికి దిగిపోయింది. ఇక దున్నినా నష్టమేనని ఎందరో పొలాలను ఉన్నవాటిని ఉన్నట్టు వదిలేశారు. గడ్డీ లేక, పైరూ లేక, బోడిగా ఉన్న ఆ నేల మీదికి కరువూ గాలీ వచ్చాయి.

ఇలాంటి ఊళ్ళలో పాత పనిముట్లను ఆరుబయట పెట్టి ఉంచడం మామూలే. ఊరి చివర తుప్పుపట్టిన ఒక వన్‌వే డిస్క్ నాగలి చుట్టూ నాయన రెండుసార్లు తిరిగాడు. పళ్ళేల వంటి ఇనుప చక్రాలన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి. ట్రాక్టరుకు కడితే గట్టి నేలనైనా వేగంగా కోసుకుపోతుంది. "ఇది దున్నేది కాదు, పిండి చేసేది. పెళ్ళ లేకుంటే నేల నిలబడుతుందా?" అన్నాడు. ఆయన రెండు వాక్యాల్లో చెప్పినదాన్నే ఆనాటి సేద్యపు నిపుణులు తలకిందులుగా బోధించారు. హార్డీ వెబ్‌స్టర్ క్యాంప్‌బెల్ అనే ఆయన ప్రచారం చేసిన మెట్ట సేద్య పద్ధతిలో వాన పడ్డ వెంటనే పైమట్టిని మెత్తటి పొడిగా చేసి పరచాలి, ఆ దుమ్ము పొర కింద పదును ఆరకుండా ఉంటుంది. వానలు కురిసిన ఏళ్ళలో ఎవరికీ తప్పు కనిపించలేదు. దానికి తోడు కొయ్యకాళ్ళను తగలబెట్టే అలవాటు. గాలికి అడ్డుపడగలిగిన గడ్డి వేరు, మట్టి పెళ్ళ, కోసిన మోడు, మూడింటినీ ఒక్క తరంలో తీసేశారన్నమాట.

1935లో ఈ ఊరివాళ్ళు టెక్స్ థార్న్‌టన్ అనే మందుగుండు నిపుణుణ్ణి పిలిపించి ఆకాశంలో పేలుళ్ళు జరిపించారు, వాన పడుతుందని. నాయనకు ఇది వింతగా తోచలేదు. మా ఊళ్ళో కప్పలకు పెళ్ళి చేయలేదా అన్నాడు.

శనివారం, బాయిస్ సిటీ

ఓక్లహోమాలోకి అడుగుపెట్టిన కొద్దిసేపటికి వచ్చే బాయిస్ సిటీలో కోర్టు భవనం చుట్టూ ఒక పెద్ద వలయం ఉంది. నాలుగైదు రహదారులు అందులోకి వచ్చి కలిసి మళ్ళీ విడిపోతాయి. ఫోనుకు సిగ్నల్ లేక, గుండ్రంగా తిరిగి తిరిగి న్యూ మెక్సికో వైపు పోయే దారిలో పడ్డాము. ఆ తప్పుదారి మేలే చేసింది. ఫెల్ట్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల ఒక వైపు కంచెకు అవతల దున్నిన పొలం, ఇటు రీటా బ్లాంకా జాతీయ పచ్చిక బయలు బోర్డు కింద పొట్టి గడ్డి. బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా అన్నవి ఆ గడ్డి పేర్లు. చెప్పు మునగనంత పొట్టిగా ఉంటాయి. నాయన చేత్తో ఒక దుబ్బు లాగబోతే రాలేదు. కంచెకు అవతల గాలికి సన్నటి దుమ్ము పాకుతోంది. ఇవతల ఏమీ కదలడం లేదు. గాలి ఒక్కటే, వాన ఒక్కటే.

ఊళ్ళోకి వెనక్కి వచ్చి సిమరాన్ హెరిటేజ్ సెంటర్‌కు పోయాము. బయట ఇనుముతో చేసిన రాక్షసబల్లి ఒకటి నిలబడి ఉంటుంది. విరాళం డబ్బాలో 10 డాలర్లు వేశాను. ఈ ఊరి పుట్టుక చరిత్రే ఒక మోసం కేసు. 1908లో కొందరు వ్యాపారులు ఇక్కడ రాళ్ళు వేసిన వీధులు, చెట్ల నీడలు, ఊటబావి ఉన్నాయని కరపత్రాలు పంచి, ఉత్త గడ్డి బయల్లో ఇళ్ళ స్థలాలు అమ్మారు. టపా ద్వారా మోసం చేసిన నేరం మీద వాళ్ళకు జైలు శిక్ష పడింది. స్థలాలు కొన్నవాళ్ళు మాత్రం వచ్చి చూసి, తిరిగిపోవడానికి డబ్బు లేక ఊరు కట్టుకున్నారు. మన దగ్గరి రియల్ ఎస్టేటు వెంచర్ల బ్రోషర్లు చూసినవాడికి ఇందులో ఆశ్చర్యం తక్కువే.

అయితే వ్యాపారుల అబద్ధానికి శిక్ష పడింది గాని, చట్టం చెప్పిన పెద్ద అబద్ధానికి పడలేదు. 1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్ళు కాపురముండి సాగు చేసినవాడికి 160 ఎకరాలు ఇచ్చింది. నెలనెలా వాన పడే తూర్పు రాష్ట్రాలలో ఆ 160 ఎకరాలు ఒక కుటుంబానికి నిండైన కమతం. అదే కొలతను 18 అంగుళాల వాన పడే చోటికి, అదీ మూడేళ్ళకొకసారి మొహం చాటేసే వాన పడే చోటికి, చదరాలు గీసి పరిచారు. మ్యూజియంలో ఉన్న స్వచ్ఛంద సేవకురాలు, ఎనభైకి దగ్గరపడిన ఆమె, ఇక్కడి గడ్డి మీద ఒక ఆవూ దూడా ఏడాదంతా బతకాలంటే ఇరవై ఎకరాలైనా కావాలంది. నాయన వేళ్ళ మీద లెక్క వేశాడు: ఎనిమిది ఆవులు. "ఎనిమిది ఆవులతో ఇల్లు నడవదు. ఇంకేం చేస్తాడు, దున్నుతాడు" అన్నాడు. నేను తర్జుమా చేసి చెబితే ఆమె నవ్వకుండా తలూపింది.

ఈ లెక్క ఎవరికీ తెలియక కాదు. 1878లోనే జాన్ వెస్లీ పావెల్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, నూరవ రేఖాంశానికి పడమట 20 అంగుళాలకు తక్కువ వాన పడే చోట నీటి వసతి లేకుండా సేద్యం నమ్మదగింది కాదని, అక్కడ ఇవ్వదలిస్తే పశువుల మేతకు ఒక్కొక్కరికి 2,560 ఎకరాలు ఇవ్వాలని, హద్దులు చదరాలుగా కాక నీళ్ళను బట్టి గీయాలని రాశాడు. మేము చిల్డ్రెస్‌కు కొంచెం ముందు దాటినది ఆ నూరవ రేఖాంశాన్నే. కాంగ్రెస్ ఆయన మాట వినలేదు. రైల్వేలకూ భూమి వ్యాపారులకూ జనం కావాలి. నాగలి వెంట వాన వస్తుందని చెప్పే ప్రొఫెసర్లు కూడా దొరికారు. 1909లో ఫెడరల్ ప్రభుత్వపు నేలల శాఖ తన నివేదికలో, నేల అన్నది ఎన్నటికీ తరగని, నాశనం లేని ఆస్తి అని అచ్చువేసింది. రైతు అత్యాశ వల్లే నేల పోయిందని తేల్చే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండడానికి కారణం ఇదే. ఎనిమిది ఆవుల భూమి ఇచ్చి, గోధుమ ధర ఆశ చూపి, పెట్టుబడికి అప్పిచ్చి, చివరకు అతనిది అత్యాశ అనడం న్యాయం కాదు. అత్యాశపరులు లేరని కాదు. ఎక్కడో పట్నంలో ఉండి, విత్తడానికి ఒకసారి, కోతకు ఒకసారి రైలు దిగే 'సూట్‌కేస్ రైతులు' ఉన్నారు. ధర పడిపోగానే వాళ్ళు మళ్ళీ రాలేదు, వాళ్ళ బోడి పొలాల దుమ్ము మాత్రం పక్కవాడి పైరు మీద పడింది.

మ్యూజియంలోని ఆ సేవకురాలి తల్లి దుమ్ము లేచిన ఆ రోజులకు చిన్నపిల్లట. భోజనాల బల్ల మీద పళ్ళేలూ గ్లాసులూ బోర్లించి ఉంచి, వడ్డించే నిమిషంలోనే తిప్పేవారట. కిటికీలకు తడిపిన దుప్పట్లు కట్టేవారట. గాలిలో పుట్టే విద్యుత్తు కొట్టకుండా కార్ల వెనక గొలుసులు నేలకు తగిలేలా ఈడ్చుకుపోయేవారట. దుమ్ము పీల్చి వచ్చిన న్యుమోనియాతో పిల్లలు పోయిన ఇళ్ళ పేర్లు ఆమె వరుసగా చెప్పింది. ఆ ఇళ్ళలో చాలావాటిలో ఇప్పటికీ ఆ వంశాలవాళ్ళే ఉన్నారని కూడా చెప్పింది. అందరూ కాలిఫోర్నియాకు వలసపోయారన్నది బయటివాళ్ళ కథ. ఇక్కడ ఎక్కువమంది కదలకుండా ఉండిపోయారు.

ఆదివారం పొద్దున, బాకా కౌంటీ

శనివారం సాయంత్రమే కొలరాడో హద్దు దాటి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పడుకున్నాము. శనివారమని నాయన మాంసం ముట్టలేదు. ఇంటి నుంచి తెచ్చిన చింతపండు పులిహోర, బుడ్డల పొడి గదిలోనే తిన్నాము.

ఇది బాకా కౌంటీ, నేల బాగా దెబ్బతిన్న కౌంటీలలో ఒకటి. ఇక్కడికి వర్తించినది 1909లో వచ్చిన విస్తరించిన హోమ్‌స్టెడ్ చట్టం. 160 చాలదని ఒప్పుకుని 320 ఎకరాలు చేశారు. ఆ చట్టంలోని ఒక షరతు చదివినప్పుడు మొదట నేను నమ్మలేకపోయాను. పట్టా కావాలంటే రెండో ఏడాది నుంచి భూమిలో ఎనిమిదో వంతు, మూడో ఏడాది నుంచి నాలుగో వంతు ఎడతెగకుండా సాగులో ఉండాలి. సాగు చేసేది అక్కడి సహజమైన గడ్డి కాకుండా వేరే పంట అయి ఉండాలి. అంటే గడ్డిని కాపాడుకుని పశువులతో బతుకుతానన్నవాడికి ఆ చట్టం కింద పట్టా లేదు. 1912లో ఆ వాటాలను సగానికి తగ్గించారు గాని, గడ్డిని పెకలించడమే సేద్యానికి రుజువు అన్న సూత్రాన్ని మార్చలేదు.

దారి పొడుగునా కోసిన చేలలో పొట్టి మోళ్ళు చూసి నాయన కారు ఆపమన్నాడు. "జొన్న!" నిజమే, ఇక్కడ మైలో అని పిలిచే జొన్నే. కొయ్యకాళ్ళను దున్నకుండా అలాగే నిలబెట్టి, వాటి నడుమ తరువాతి పంట విత్తుతారు. అక్కడక్కడ సెంటర్ పివట్ గొట్టాలు చక్రాల మీద నిలబడి ఉన్నాయి. ఫ్రాంక్ జైబాక్ అనే కొలరాడో రైతు 1952లో పేటెంటు పొందిన ఈ యంత్రం ఒగల్లాలా భూగర్భ జలాలను తోడి గుండ్రంగా చల్లుతుంది. వాన లెక్కకు తగ్గ కమతం ఇవ్వని పాపాన్ని ఈ నీళ్ళు డెబ్బై ఏళ్ళుగా కప్పిపెడుతున్నాయని నా అభిప్రాయం. ఆ నీటి మట్టం చాలాచోట్ల పడిపోతోంది. బోర్లు ఎండితే ఏమవుతుందో నాయనకు ఎవరూ చెప్పనక్కర లేదు గనుక, ఆ పివట్ల గురించి ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం, ఎల్క్‌హార్ట్

కాన్సాస్ నైరుతి మూలన ఎల్క్‌హార్ట్ ఊరి పక్కనే సిమరాన్ జాతీయ పచ్చిక బయలు, దాదాపు 1,08,000 ఎకరాలు. ఇందులో చాలాభాగం ఒకప్పుడు దున్నిన భూమే. 1930లలో ప్రభుత్వం దీన్ని యజమానుల దగ్గర తిరిగి కొని, గడ్డి విత్తనం చల్లించింది. 1954లో అటవీ శాఖకు అప్పగించి, 1960లో జాతీయ పచ్చిక బయలుగా పేరు పెట్టారు. ప్రభుత్వం ఊరికే ఇచ్చిన భూమిని పాడయ్యాక డబ్బిచ్చి కొనడం కన్నా స్పష్టమైన ఒప్పుకోలు ఇంకేముంటుంది? పాయింట్ ఆఫ్ రాక్స్ అనే గుట్ట మీద నిలబడితే సిమరాన్ ఏరు, సాంటా ఫే బండ్ల బాట కనిపిస్తాయి. గాలికి నాయన టోపీ ఎగిరి ముళ్ళ కంపలో పడింది.

అక్కడ పశువులకు నీళ్ళ తొట్టి సరిచేస్తున్న ఒక రైతు మమ్మల్ని చూసి పలకరించాడు. నాయన చెట్లెందుకు నాటలేదని అడిగించాడు. నాటారు, ఇక్కడికి తూర్పున: రూజ్వెల్టు హయాంలో 1934 నుంచి 1942 వరకు డకోటా నుంచి టెక్సస్ దాకా 22 కోట్ల చెట్లు వరుసలు వరుసలుగా నాటించారు. ఇంత పొడినేల మీద చెట్టు బతకదు, గడ్డే దిక్కు అన్నాడాయన. తన పొలంలో కొంత భాగాన్ని కూడా 1985 చట్టంతో వచ్చిన పథకం కింద ప్రభుత్వం దగ్గర ఏటా అద్దె తీసుకుని గడ్డికి వదిలేశాడట. గోధుమ ధర పెరిగి, ఒప్పందం గడువు తీరిన ఏడాది మళ్ళీ దున్నాలన్న ఆశ పుడుతుందని దాచకుండా చెప్పాడు. వాళ్ళ తాత దున్నడానికి ప్రోత్సాహం తీసుకున్నాడు, తాను దున్నకుండా ఉండడానికి తీసుకుంటున్నాడు. ఈ మాట ఆయనే అని తనే నవ్వాడు.

ఆదివారం రాత్రి, గుడ్‌వెల్ దాటి గైమన్

గైమన్ పోతూ కాస్త చుట్టు తిరిగి గుడ్‌వెల్ మీదుగా వచ్చాము. ఇక్కడి కళాశాల పరిశోధనా క్షేత్రంలో హెచ్. హెచ్. ఫినెల్ 1920లలోనే గట్లు కట్టి, వాలుకు అడ్డంగా సాళ్ళు తోలి, పడ్డ వానను పడ్డచోటే ఇంకించవచ్చని కొలిచి చూపించాడు. దుమ్ము లేచాక గాని ఆయన మాటకు విలువ రాలేదు. నేల శాస్త్రవేత్త హ్యూ హామండ్ బెన్నెట్ వాషింగ్టన్‌లో సెనెటర్లకు నేల కోత గురించి నచ్చజెప్పి, 1935 ఏప్రిల్ 27న నేల పరిరక్షణ సంస్థకు చట్టం తెచ్చాక, ఫినెల్ ఈ మైదానాలలో ఆ పనికి పెద్ద అయ్యాడు. వాలుకు అడ్డంగా దున్నినవాడికి ఎకరానికి ఇంతని కూలి కట్టి ఇచ్చారు. గట్టు కట్టడానికి ఎవరైనా డబ్బు ఇస్తారా అని నాయన విస్తుపోయాడు. వాళ్ళ నాన్న ఊరికే కట్టేవాడట.

గైమన్‌లో మాంసం ప్యాకింగ్ కర్మాగారానికి పనికి వచ్చిన దేశదేశాల జనం ఉన్నారు. పదకొండు డాలర్లకు ఇద్దరికీ కడుపునిండా టాకోలు పెట్టిన ఒక చిన్న హోటల్లో కూర్చుని నాయన ఆ రోజంతా మనసులో తిప్పుకుంటున్న ప్రశ్న అడిగాడు: పొలం సొంతదారు పట్నంలో కూర్చుని, భూమిని బోడిగా వదిలేస్తే, పక్కవాడు ఏం చేయాలి? కాన్సాస్‌లో దానికి ఒక చట్టం ఉందని చెప్పాను. మట్టి ఎగురుతున్న పొలాన్ని యజమాని పట్టించుకోకపోతే కౌంటీ కమిషనర్లే దున్నించి గాలికి అడ్డు వేయించవచ్చు, అయిన ఖర్చు పన్నుతో పాటు ఆ భూమి మీదే పడుతుంది.

నాయన టాకో కింద పెట్టి ఆలోచించాడు. "మంచిదే. మన ఊళ్ళో ఆ చట్టం వస్తే మొదటి నోటీసు సర్పంచికే పోతుంది, అందుకే రాదు" అని, ఇంకొంచెం మిరపకాయ తెప్పించమన్నాడు.